ప్రత్యర్థులను బట్టి ఛాంపియన్ గొప్పతనం తేల్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర చెన్నైలో, ముఖ్యంగా రాయపురం, వాషర్‌మెన్‌పేట, వ్యాసర్పాడి వైపు ఉండే తెలుగువాళ్ళకు బాక్సింగ్ కొత్త కాదు. సార్పట్టా, ఇడియప్ప నాయకర్ అనే బాక్సింగ్ పరంపరల (వర్గాల) పోటీల గురించి పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. అలీ గొప్పా, టైసన్ గొప్పా, మేవెదర్ గొప్పా అన్న వాదన మొదలైతే ఒక పట్టాన తెగదు. ఆ వాదనలో పదే పదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఎవరిని కొట్టాడు అని అడిగితే సరిపోదు, కొట్టిన రోజున ఆ ప్రత్యర్థి ఏ స్థితిలో ఉన్నాడో కూడా అడగాలి. కింది జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

“31-0 (21)” అని రాస్తారు కదా, ఎలా చదవాలి?

31 గెలుపులు, 0 ఓటములు. బ్రాకెట్‌లో ఉన్నది నాకౌట్ల సంఖ్య. మూడో అంకె కూడా ఉంటే, 42-0-1 లాగా, అది డ్రా. రికార్డు ఎప్పుడూ ఫలానా బౌట్‌కు (పోటీకి) ముందు రోజు నాటిది చూడాలి. రిటైరయ్యాక మిగిలిన మొత్తం చూస్తే ప్రత్యర్థి ఉన్నదానికంటే బలహీనంగానో బలంగానో కనిపిస్తాడు.

ఒక్కసారి కూడా ఓడనివాడే అందరికంటే గొప్పవాడా?

కాదు. మేవెదర్ 50-0, రాకీ మార్సియానో 49-0. మహమ్మద్ అలీ 56-5. అంకెలే కొలత అయితే అలీ వీళ్ళిద్దరి దరిదాపుల్లో ఉండకూడదు. కానీ అలీ జాబితాలో సోనీ లిస్టన్, జో ఫ్రేజియర్, జార్జ్ ఫోర్‌మన్, కెన్ నార్టన్ ఉన్నారు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ ముందు నిలబడినప్పుడు ఫోర్‌మన్ రికార్డు 40-0, అందులో 37 నాకౌట్లు. అలాంటివాణ్ణి ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టిన గెలుపు ఒక్కటే, ఊరూ పేరూ లేని పదిమందిని కొట్టిన గెలుపుల కంటే బరువైనది. ఇక మేవెదర్ 50వ గెలుపు 2017లో కోనార్ మెక్‌గ్రెగర్ మీద. అది మెక్‌గ్రెగర్‌కు మొదటి ప్రొఫెషనల్ బాక్సింగ్ బౌట్. అంకెల్లో అదీ ఒకటే, ఫోర్‌మన్ మీద గెలుపూ ఒకటే.

మేవెదర్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. 2001లో డియెగో కొరాలెస్ ఓటమెరుగడు, 33-0. అతన్ని ఐదుసార్లు కింద పడేసి పదో రౌండ్‌లో ఆపించాడు. మేవెదర్ గొప్పతనానికి 50వ అంకె కంటే ఆ రాత్రి మంచి సాక్ష్యం.

సరే, ప్రత్యర్థి నాణ్యతను లెక్కగట్టేది ఎలా?

బాక్సర్ కెరీర్ మొత్తం పెట్టుకుంటే పని సాగదు. అతని పది అత్యుత్తమ గెలుపులు, ఓటములన్నీ తీసుకోండి. బాక్సర్ల రికార్డులుండే బాక్స్‌రెక్ వెబ్‌సైట్‌లో ప్రతి ప్రత్యర్థి పేజీ తెరిచి, బౌట్ తేదీ దగ్గర ఆగి, ఈ క్రమంలో చూడండి.

మొదట వయసు, దాంతోపాటు అప్పటికి ఎన్ని రౌండ్లు ఆడాడన్నది. 30 ఏళ్ళకే ఒళ్ళు అరిగిపోయినవాళ్ళు ఉంటారు, 36లోనూ పదునుగా ఉన్నవాళ్ళు ఉంటారు. కాబట్టి వయసు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

తరువాత, దానికి ముందు ఆడిన ఐదు బౌట్లు. ఎవరిమీద, ఎలా గెలిచాడు? ఐదింట్లో రెండు ఓడి ఉంటే, ఎంత పెద్ద పేరున్నా జాగ్రత్తగా చూడాలి. చివరి బౌట్‌కూ దీనికీ మధ్య ఏడాది దాటిన ఖాళీ ఉందా అన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది.

మూడోది చాలామంది వదిలేసేది, అన్నిటికంటే ఎక్కువ పని చేసేది: ప్రత్యర్థుల ప్రత్యర్థులు. ప్రత్యర్థి 25-0 అని ఉంటే, ఆ 25 మందిలో కనీసం ఆఖరి పదిమంది పేజీలు తెరవండి. వాళ్ళలో ఎక్కువమంది ఓటములు గెలుపులకంటే ఎక్కువగా ఉన్నవాళ్ళయితే, ఆ 25-0 ప్రమోటర్ కట్టిన గోడ. చూడటానికి ఎత్తుగా ఉంటుంది, లోపల ఇటుక ఉండదు.

నాలుగోది బరువు. తన సహజమైన కేటగిరీలో ఆడాడా, లేక కిందికి దిగో పైకి ఎక్కో వచ్చాడా?

ఐదోది స్థలం, జడ్జిల కార్డులు (రౌండ్లవారీ మార్కుల పట్టికలు). ప్రత్యర్థి ఊళ్ళో గెలవడం ఒక లెక్క, సొంత జనం మధ్య స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఇటు, ఒకరు అటు) గట్టెక్కడం ఇంకో లెక్క.

మార్కులు వేయాలనుకునేవాళ్ళకు మేము వాడే పద్ధతి ఇది. మంచి ఫామ్‌లో ఉన్న ఛాంపియన్ లేదా ఆ కేటగిరీలో మొదటి ముగ్గురిలో ఒకడైతే 5. మొదటి పదిమందిలో ఉంటే 4. కాస్త వన్నె తగ్గిన మాజీ ఛాంపియన్‌కు 3. గట్టి బాక్సరే కానీ పైస్థాయి కాదనుకుంటే 2. ఓడిపోవడానికే పిలిపించిన మనిషికి 1. అరంగేట్రం చేస్తున్నవాడికి 0. ప్రత్యర్థి ఏడాదికి పైగా ఖాళీగా ఉండి వచ్చినా, బరువు తగ్గించుకొని నీరసించి వచ్చినా ఒక్కో మార్కు తీసేయండి. బౌట్ ప్రత్యర్థి సొంతగడ్డ మీద జరిగి ఉంటే ఒకటి కలపండి. పదింటినీ కూడితే 35 దాటినవాళ్ళు చరిత్రలో చాలా కొద్దిమంది.

పెద్ద పేరున్నవాణ్ణి కొడితే పెద్ద గెలుపే కదా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మూడు బౌట్లు పక్కపక్కన పెట్టి చూడండి.

1951 అక్టోబర్‌లో మార్సియానో జో లూయిస్‌ను ఎనిమిదో రౌండ్‌లో ఆపేశాడు. లూయిస్‌కు అప్పుడు 37 ఏళ్ళు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్‌గా ఉండి, 25 సార్లు టైటిల్ నిలుపుకొన్న లూయిస్ కాదతను. పన్ను బాకీలు తీర్చుకోవడానికి మళ్ళీ రింగ్ ఎక్కిన లూయిస్. 1988 జనవరిలో టైసన్ లారీ హోమ్స్‌ను నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. హోమ్స్‌కు 38, అంతకుముందు దాదాపు 21 నెలలు రింగ్ ముఖం చూడలేదు. అదే హోమ్స్ 1980 అక్టోబర్‌లో అలీని పది రౌండ్లు కొట్టాడు. అలీకి 38, రెండేళ్ళ విరామం తరువాత దిగాడు. మూడుసార్లూ గెలిచినవాడి జాబితాలో గొప్ప పేరే చేరింది. మూడుసార్లూ జరిగింది మాత్రం చచ్చిన పామును చంపడమే.

అయితే మూడూ ఒకే తూకం కావు. లూయిస్ అప్పటికి వరుసగా ఎనిమిది బౌట్లు గెలిచి ఉన్నాడు, కాబట్టి మార్సియానో గెలుపుకు 3 వేయవచ్చు. టైసన్ చేతిలో ఓడిన హోమ్స్ వన్నె తగ్గిన మాజీ ఛాంపియన్, దీర్ఘ విరామం కూడా ఉంది: 3 లోంచి 1 పోతే 2. అలీ మీద హోమ్స్ గెలుపుకు 1 కంటే ఎక్కువ వేయడానికి మాకు చేతులు రావు.

మార్సియానో ముసలివాళ్ళనే కొట్టాడంటారు. నిజమేనా?

సగం నిజం. అతని చేతిలో ఓడినప్పుడు, 1952లో జెర్సీ జో వాల్కాట్‌కు 38 ఏళ్ళు, 1955లో ఆర్చీ మూర్‌కు రికార్డుల ప్రకారం 38. ఎజార్డ్ చార్ల్స్‌కు 1954లో 32 అయినా, అప్పటికే చాలా యుద్ధాలు చేసి ఉన్నాడు. పుట్టిన తేదీలు మాత్రమే చూస్తే ఆరోపణ నిలబడుతుంది.

కానీ పైన చెప్పిన రెండో అడుగు వేయండి. వాల్కాట్ ఆ రోజున ఛాంపియన్. ఏడాది ముందు చార్ల్స్‌ను నాకౌట్ చేసి టైటిల్ తీసుకున్నాడు, మూడు నెలల ముందు అతన్నే మళ్ళీ ఓడించాడు. ఫిలడెల్ఫియాలో మార్సియానోను మొదటి రౌండ్‌లోనే పడేశాడు. 12 రౌండ్లయ్యేసరికి ముగ్గురి కార్డుల్లోనూ ముందున్నాడు. పదమూడో రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బతో కథ మారింది. మూర్ కూడా రెండో రౌండ్‌లో మార్సియానోను కింద కూర్చోబెట్టాడు, తొమ్మిదో రౌండ్ దాకా నిలిచాడు. వీళ్ళు వయసు మళ్ళినవాళ్ళే, చేతకానివాళ్ళు మాత్రం కారు. మార్సియానో జాబితాలో అసలు లోటు వేరే: తన ఈడువాడు, తనంత బలంగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆ తరంలో అలాంటి హెవీవెయిట్ లేకపోవడం అతని తప్పు కాదు. అయినా లెక్కలో ఆ ఖాళీ ఖాళీగానే కనిపిస్తుంది.

టైసన్ ఈ కొలతకు నిలుస్తాడా?

అతని భయం పుట్టించిన రోజులను బట్టి చూస్తే ఆకాశానికి ఎత్తాలనిపిస్తుంది. జాబితా మాత్రం అంత బరువుగా లేదు. 20 ఏళ్ళ వయసులో 1986లో ట్రెవర్ బెర్బిక్‌ను కొట్టి ఛాంపియన్ అయ్యాడు. 1987లో అప్పటిదాకా ఓటమెరుగని టోనీ టక్కర్ మీద 12 రౌండ్లు ఆడి పాయింట్లతో గెలిచాడు. 1988 జూన్‌లో 31-0 ఉన్న మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించాడు. స్పింక్స్ గెలుపుకు 4 ఇస్తాం. 5 ఎందుకు కాదంటే, స్పింక్స్ అసలు లైట్ హెవీవెయిట్, అంటే తక్కువ బరువు కేటగిరీవాడు, హెవీవెయిట్‌లో ఆడినవి కొద్ది బౌట్లే. ఇక తన తరంలో నిజంగా గొప్పవాళ్ళనిపించుకున్న హోలీఫీల్డ్ చేతిలో రెండుసార్లు, లెనాక్స్ లూయిస్ చేతిలో ఒకసారి ఓడాడు. అప్పటికి అతను 1988 నాటి టైసన్ కాడు. కానీ ప్రత్యర్థుల వన్నె తగ్గిందా అని అడిగే మనం, అతని గెలుపులకూ ఓటములకూ ఒకే త్రాసు వాడాలి.

ఓటములకు మార్కులు తీసేయాలా?

ఎవరి చేతిలో ఓడాడో చూడకుండా తీసేయకూడదు. 5 మార్కుల ప్రత్యర్థి చేతిలో ఓడితే ఏమీ తీయం. తిరిగి అతన్నే గెలిస్తే మామూలు మార్కులతో పాటు ఒకటి అదనంగా కలుపుతాం.

షుగర్ రే లియోనార్డ్ మంచి ఉదాహరణ. 1979లో బెనితెజ్ 38-0-1. 1980 నవంబర్‌లో డ్యురాన్ 72-1. 1981లో హర్న్స్ 32-0. 1987లో హాగ్లర్ 62-2-2. నలుగురినీ లియోనార్డ్ గెలిచాడు. 1980 జూన్‌లో మాంట్రియల్‌లో డ్యురాన్ చేతిలో పాయింట్లతో ఓడి, నవంబర్‌లో న్యూ ఆర్లీన్స్‌లో ఎనిమిదో రౌండ్‌లో డ్యురాన్ తనంతట తనే ఆట ఆపేసేలా చేశాడు. ఆ ఓటమి లేకపోతే లియోనార్డ్ రికార్డు శుభ్రంగా ఉండేదేమో కానీ, పరాజయం తరువాత ఆట మార్చుకోగలడని మనకు తెలిసేది కాదు.

లెనాక్స్ లూయిస్ 1994లో మెకాల్ చేతిలో, 2001లో రెహ్మాన్ చేతిలో నాకౌట్ అయ్యాడు. ఇవి పెద్ద పేర్ల చేతిలో ఓటములు కావు, కాబట్టి మచ్చే. కానీ రెండింటికీ రీమ్యాచ్‌లో బదులు తీర్చాడు. తలపడిన ప్రతివాణ్ణీ కనీసం ఒకసారి గెలిచి రిటైరయ్యాడు.

ఫ్రేజియర్ అలీని గెలిచాడు, ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను గెలిచాడు, అలీ ఫోర్‌మన్‌ను గెలిచాడు. మరి ఈ లెక్కలకు అర్థమేముంది?

‘ఎ’ ‘బి’ని కొట్టాడు, ‘బి’ ‘సి’ని కొట్టాడు, కాబట్టి ‘ఎ’ ‘సి’ని కొడతాడు అన్న లెక్క బాక్సింగ్‌లో పనిచేయదు. ఫోర్‌మన్ 1973లో కింగ్‌స్టన్‌లో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. 1974లో కారకాస్‌లో నార్టన్‌నూ రెండు రౌండ్లలోనే ముగించాడు. అదే నార్టన్ అలీతో మూడు బౌట్లలో 39 రౌండ్లు నిలబడి, ఒకసారి గెలిచి, దవడ కూడా విరగ్గొట్టాడు. నేరుగా మీదికి వచ్చేవాళ్ళు ఫోర్‌మన్ దెబ్బల దారిలోకి వచ్చిపడతారు. నార్టన్ చేతులు అడ్డంగా పెట్టుకునే తీరు, ఎదురు జాబ్ (ముందు చేత్తో వేసే సూటి దెబ్బ) వేసే సమయం అలీ జాబ్‌ను చెడగొట్టేవి. అందుకే ప్రత్యర్థి నాణ్యతతో పాటు రకరకాల శైలులవాళ్ళను ఎదుర్కొన్నాడా అన్నది కూడా చూడాలి: ఎడమచేతి వాటం బాక్సర్, దూరం నుంచి ఆడే పొడగరి, ఒంటిమీదకు తోసుకొచ్చేవాడు, కౌంటర్ (ఎదురుదెబ్బ) కొట్టేవాడు. పది గెలుపుల్లో ఈ నాలుగు రకాలూ లేకపోతే జాబితాలో ఏదో తప్పించుకున్నట్టే.

క్యాచ్‌వెయిట్ అంటే ఏమిటి? దానికెందుకు అంత గొడవ?

కేటగిరీ హద్దు కాకుండా ఇద్దరూ ఒప్పుకున్న బరువుకు ఆడటం. బేరంలో బలమున్నవాడు తనకు నప్పే అంకె రాయించుకుంటాడు. 2013లో మేవెదర్‌తో ఆడటానికి 23 ఏళ్ళ కనేలో ఆల్వారెజ్ 154 పౌండ్ల కేటగిరీ నుంచి 152కు దిగాల్సి వచ్చింది. 2009లో అంతకుముందు 135 పౌండ్లు దాటి ఆడని మార్కెజ్‌తో 144కు ఒప్పందం చేసుకొని, మేవెదర్ 146తో తూగి జరిమానా కట్టాడు. 1988లో లియోనార్డ్ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ లలోండ్‌ను 168 పౌండ్లకు దింపి, ఒకే రాత్రి రెండు కేటగిరీల బెల్టులు తీసుకున్నాడు. రెండు పౌండ్లంటే కిలో కూడా నిండదు. కానీ అప్పటికే ఒంట్లో నీరు పిండేసుకున్నవాడికి ఆఖరి కిలో తగ్గడం కాళ్ళలోంచి పోతుంది. దాని ఫలితం ఏడో, ఎనిమిదో రౌండ్‌లో బయటపడుతుంది.

ఎన్ని బెల్టులు, ఎన్ని డిఫెన్స్‌లు (టైటిల్ నిలుపుకొన్న బౌట్లు) అన్నది కొలత కాదా?

డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అనే నాలుగు ప్రపంచ బాక్సింగ్ సంస్థలూ వేరువేరుగా ఛాంపియన్లను ప్రకటిస్తాయి. ఒక్క కేటగిరీలో నలుగురు ఛాంపియన్లుంటే బెల్టు విలువ దానంతట అది తెలియదు. మిగతా ముగ్గురిలో ఎంతమందిని కొట్టాడో చూడండి. డిఫెన్స్‌ల సంఖ్య కూడా అంతే. జో లూయిస్ 25 డిఫెన్స్‌లలో 1940-41 నాటి బౌట్ల వరుసను పత్రికలవాళ్ళే వెక్కిరించారు. కానీ ఆ వరుస చివర్లోనే బిల్లీ కాన్ ఉన్నాడు.

పాతతరం వాళ్ళనూ ఇప్పటివాళ్ళనూ పోల్చవచ్చా?

జాగ్రత్తగా. అప్పట్లో టైటిల్ బౌట్ 15 రౌండ్లు. 1982లో మాన్సినీతో బౌట్ తరువాత డుక్ కూ కిమ్ మరణించడంతో డబ్ల్యూబీసీ 12కు తగ్గించింది, మిగతా సంస్థలూ ఆ దశాబ్దంలోనే మారాయి. ఇది చిన్న తేడా కాదు. 12 రౌండ్ల దగ్గర గంట కొట్టి ఆపేసి ఉంటే 1941లో కాన్ లూయిస్‌ను, 1952లో వాల్కాట్ మార్సియానోను, 1981లో హర్న్స్ లియోనార్డ్‌ను కార్డుల మీద గెలిచేవాళ్ళు. మూడింట్లోనూ నాకౌట్ పదమూడో, పద్నాలుగో రౌండ్‌లో వచ్చింది. మూడు గొప్ప పేర్లు, మూడు ఓటములు.

తలపడకుండా తప్పించుకున్నవాళ్ళను లెక్కలోకి తీసుకోవాలా?

తప్పకుండా. జాబితాలో ఉండాల్సి ఉండి లేని పేర్లు రాసుకోండి. జాక్ జాన్సన్ 1906లో శామ్ లాంగ్‌ఫర్డ్‌ను గెలిచాడు, ఛాంపియన్ అయ్యాక మళ్ళీ అవకాశం ఇవ్వలేదు. డెంప్సీ 1923 నుంచి 1926 దాకా టైటిల్ పెట్టి ఆడలేదు, నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్‌తో ఎన్నడూ తలపడలేదు. అందులో వర్ణవివక్ష ఉంది, ప్రమోటర్ల డబ్బు లెక్కలున్నాయి, తప్పు ఒక్క బాక్సర్‌దే అనలేం. చార్లీ బర్లీకి ప్రపంచ టైటిల్ అవకాశమే రాలేదు. కానీ బర్లీని 1942లో రెండుసార్లు గెలిచిన ఎజార్డ్ చార్ల్స్‌కు, ఆర్చీ మూర్‌ను మూడుసార్లు గెలిచిన అదే చార్ల్స్‌కు మార్కులు వేసేటప్పుడు బెల్టుల కోసం వెతక్కండి. చరిత్రలో తక్కువ అంచనాకు గురైన జాబితాల్లో చార్ల్స్‌ది మొదటి వరుస.

అమెచ్యూర్‌లో (ఒలింపిక్స్ తరహా బాక్సింగ్‌లో) ఇది ఎలా పనిచేస్తుంది? నిఖత్ జరీన్ సంగతేమిటి?

అక్కడ ప్రత్యర్థిని ఎంచుకునే వీల్లేదు, డ్రా (ఇక్కడ సమం కాదు, ఎవరితో ఎవరో చెప్పే జోడీల పట్టిక) ఎవరిని చూపిస్తే వాళ్ళతో ఆడాలి. కాబట్టి పతకం ఒక్కటే కాకుండా, డ్రా కూడా చదవాలి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (గట్టివాళ్ళు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేకపోవడం వల్ల ప్రిక్వార్టర్స్‌లోనే చైనాకు చెందిన వు యు ఎదురై 0-5తో ఓడింది. ఆ వు యునే స్వర్ణం గెలిచింది. ‘రెండో బౌట్‌కే ఇంటికొచ్చింది’ అన్నవాళ్ళు ఎవరి చేతిలో అన్నది చూడలేదు.

అలీ చెన్నైలో ఆడాడు కదా, అది రికార్డులో ఉందా?

లేదు. 1980 ఆరంభంలో నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఆడింది ఎగ్జిబిషన్, అంటే రికార్డుకెక్కని ప్రదర్శన పోటీ. ఎల్లిస్ మాజీ డబ్ల్యూబీఏ ఛాంపియన్, 1971లో అలీ అతన్ని నిజం బౌట్‌లోనే ఓడించాడు. లెక్కలోకి వచ్చేది 1971 బౌటే.

మన దేశంలో ఆడే ప్రొఫెషనల్ బాక్సర్ 12-0 అంటే నమ్మొచ్చా?

ముందు మూడో అడుగు వేయండి. ఆ 12 మందిలో ఎంతమంది అంతకుముందు బౌట్ గెలిచి వచ్చారు? ఎన్ని బౌట్లు ఎనిమిది రౌండ్లు దాటాయి? నాలుగు రౌండ్ల బౌట్లే ఎక్కువైతే, పదో రౌండ్‌లో ఊపిరి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. విజేందర్ సింగ్ 12-0తో ఉండి 2021లో గోవాలో ఆర్తిష్ లోప్సాన్ చేతిలో ఓడాడు. ఏడాదికి పైగా విరామం తరువాత దిగిన బౌట్ అది. అంకె చెప్పని సంగతి విరామం చెప్పింది.

ప్రత్యర్థి తరువాత ఏమయ్యాడన్నది చూడాలా?

చూడాలి, కానీ ఒక ఉచ్చు ఉంది. 2006లో జెఫ్ లేసీ 21-0, ఐబీఎఫ్ ఛాంపియన్. కాల్జాఘే 12 రౌండ్లు అతన్ని చితకబాదాడు. ఆ తరువాత లేసీ మళ్ళీ కోలుకోలేదు. దాంతో ‘లేసీలో పస లేదు, కాబట్టి కాల్జాఘే గెలుపు ఏపాటిది’ అంటారు. ఆ దెబ్బలే అతన్ని అలా చేశాయేమో అన్నది మరిచిపోతారు.

ఇప్పుడు ఆడుతున్న తరంలో ఈ కొలతకు ఎవరు బాగా నిలబడతారు?

ఒలెక్సాండర్ ఉసిక్. ముఖ్యంగా ఐదో అడుగు, స్థలం విషయంలో. 2016లో గ్లోవాకీని పోలండ్‌లో, 2018లో బ్రైడిస్‌ను రీగాలో, గస్సియెవ్‌ను మాస్కోలో, బెల్యూను మాంచెస్టర్‌లో, 2021లో ఆంథొనీ జాషువాను లండన్‌లో, 2025లో డుబ్వాను వెంబ్లీలో గెలిచాడు. ప్రతిసారీ ప్రత్యర్థి సొంతగడ్డ, ప్రతిసారీ చేతిలో బెల్టు ఉన్నవాడో పైస్థాయివాడో.

2024 మేలో టైసన్ ఫ్యూరీ మీద స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచిన బౌట్‌ను మాత్రం గట్టిగా పరీక్షించాలి. దానికి ముందు 2023 అక్టోబర్‌లో ఫ్యూరీ, మొదటిసారి బాక్సింగ్ రింగ్ ఎక్కిన ఎన్‌గనూ చేతిలో కిందపడి, స్ప్లిట్ డెసిషన్‌తో బతికి బయటపడ్డాడు. ఆ లెక్కన మే నాటి ఫ్యూరీకి 5 వేయడం కష్టం, మేము 4 వేస్తాం. డిసెంబర్ రీమ్యాచ్‌లో ముగ్గురు జడ్జిలూ 116-112తో ఉసిక్‌కే ఇచ్చారు కాబట్టి, దానికీ 4 పూర్తిగా దక్కుతాయి.